నలుగురికీ ఒకటే మార్కు వేయకు

అమ్మాయీ,

గ్రూపు ప్రాజెక్టులకు మార్కులు ఎట్టా వేయాలో తోచడం లేదని రాశావు. చేరిన మొదటి ఏడాదే నీకా అనుమానం వచ్చింది. నాకు పదకొండేళ్లు పట్టింది.

కనిగిరి వైపు పనిచేసేటప్పుడు బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు ఇచ్చాను. ఒక గ్రూపు చార్టు భలే ఉంది. తాగేనీళ్లలో ఫ్లోరైడ్‌కు హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అది దాటిన బోర్లన్నీ ఎర్ర స్కెచ్‌తో గుర్తుపెట్టారు. నలుగురికీ పదికి 9 వేసేశాను. సాయంత్రం చూస్తే ఒక పిల్ల ఖాళీ సీసాలు సంచిలో సర్దుకుంటోంది. పదమూడు బోర్ల నీళ్లూ తనొక్కతే తెచ్చిందట. ప్రతి సీసాకీ ప్లాస్టర్ ముక్క, దాని మీద వీధి పేరు, తేదీ, బోరు లోతు. చార్టు గీసిన అబ్బాయిని పిలిచి 1.5 అంటే ఏంట్రా అంటే నేల చూశాడు. ఆ పిల్ల నన్నేమీ అడగలేదు. అదే గుచ్చుకుంది.

అప్పటినుంచి చార్టుకు 5 మార్కులే. మిగతా 5 ఎవరివి వాళ్లకే. రోజూ ఏం చేశారో నోట్సులో రెండు లైన్లు రాయమనేవాణ్ణి. ఆఖరి రాత్రి కూర్చుని గీకింది ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత ఒక్కొక్కర్నీ రెండు నిమిషాలు ప్రశ్నలడుగు, పక్కవాడు చేసిన భాగంలోంచి కూడా. ఈ సంగతి ప్రాజెక్టు ఇచ్చే రోజే చెప్పెయ్.

పిల్లల చేతే ఒకరికొకరు మార్కులు వేయించే లెక్క ఒకటుంది. గ్రూపుకు 8 వచ్చింది, తోటివాళ్లు అయిదుకి వేసిన మార్కుల సగటు గ్రూపు మొత్తానికి 4, ఒకడికి 3 అనుకో. 8ని 3తో హెచ్చవేసి 4తో భాగిస్తే వాడికి 6. కాగితం మీద బాగానే ఉంటుంది. మన బళ్లలో మాత్రం ఒక వీధి పిల్లలు ఒకరికొకరు అయిదులు వేసుకుంటారు, మాట్లాడని పిల్లకు రెండు. నేను ఆ చీటీలు తీసుకునేది ఎవర్ని గట్టిగా అడగాలో తెలుసుకోవడానికే.

నలుగురికి మించి గ్రూపు పెట్టకు. రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, 1913లో అచ్చువేశాడు: మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గింది. మన బండలాగుడు పందేల్లో అయితే జతలో ఏ ఎద్దు మెత్తబడిందో తోలేవాడికి వెంటనే తెలుస్తుంది. ఎనిమిది మందిని కాడికి కడితే వాడికీ తెలియదు.

ఆదివారం ఒంగోలు వస్తే నా పాత మార్కుల పుస్తకాలు ఇస్తాను. మీ పెద్దమ్మ అటక మీదివన్నీ దించమంటోంది, త్వరగా రా.

మీ పెదనాన్న