నాయనమ్మ మరుపు, చిన్నాన్న మాటలు

ప్రశ్న: నేను వరంగల్‌లో ఎంబీబీఎస్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా నాయనమ్మ రెండేళ్లుగా మనుషుల్ని మరిచిపోతోంది, డాక్టర్లు డిమెన్షియా అన్నారు. చిన్నాన్నకు ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు) మొదలైంది. రెండూ ఒకటేనని, అది మా వంశంలోనే ఉందని ఇంట్లో అనుకుంటారు. నాకు మానసిక వైద్యంలో పరిశోధన చేయాలని ఉంది. ‘పిచ్చి డాక్టరువవుతావా?’ అంటున్నారు బంధువులు. ఈ రెండు జబ్బుల మీదా ఏళ్ల తరబడి పనిచేశారు కదా మేడమ్, ఆ పని ఎలా ఉంటుంది?
– ఒక వైద్య విద్యార్థిని

జవాబు: ముందు ఇంటివాళ్ల భయం తీర్చాలి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకటేనని మీవాళ్లు అనుకోవడంలో వింత లేదు, ఒకప్పుడు వైద్యులే ఆ తికమకకు కారణం. జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ 1890లలో స్కిజోఫ్రీనియాను ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అన్నాడు, అంటే చిన్న వయసులోనే బుద్ధి క్షీణించడం. అందరికీ బుద్ధి క్షీణించడం లేదనీ, అందరికీ చిన్న వయసులో రావడం లేదనీ గమనించి 1908లో స్విస్ వైద్యుడు బ్లాయిలర్ ఆ పేరును స్కిజోఫ్రీనియాగా మార్చాడు. స్కిజోఫ్రీనియాలో వంశపారంపర్యానికి పాత్ర ఉన్న మాట నిజమే. అయినా తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నప్పుడు కూడా నూటికి సుమారు తొంభై మంది పిల్లలకు రాదు. ఈ మాట మీ నాన్నగారికి స్పష్టంగా చెప్పు.

ఇక పని సంగతి. పరిశోధన అనగానే అందరికీ మైక్రోస్కోపు, స్కానింగు గుర్తొస్తాయి. నా జీవితంలో ఎక్కువ భాగం మనుషుల ఎదుట కూర్చుని ప్రశ్నలు అడగడంలోనే గడిచింది. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ జర్మన్ వైద్యుడు అల్జీమర్ చేసిందీ మొదట అదే. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌ ఆస్పత్రిలో ఆగస్టె అనే యాభై ఒక్క ఏళ్ల మహిళను ‘నీ భర్త పేరేమిటి?’ అని అడిగితే ఆమె తన పేరే చెప్పింది. అడిగింది, ఆమె చెప్పింది అన్నీ రాసుకున్నాడు. ఆమె చనిపోయాక మెదడును పరీక్షించి, 1906లో ఆ వివరాలు ప్రకటించాడు. ఆ కేసు కాగితాలు 1995లో మళ్లీ దొరికాయి. ఇప్పుడు చదివినా ఆమె మన ముందే కూర్చున్నట్టు ఉంటుంది.

అయితే ఏ ప్రశ్న అడగాలన్నదే మన దగ్గర అసలు చిక్కు. నేను కొత్తలో పరకాల వైపు ఒక ఊరికి వెళ్లి, పత్తి ఏరే ఒక పెద్దామెకు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాను. నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ రమ్మన్నాను, ఒక వాక్యం రాయమన్నాను. ఆమె బడి ముఖం చూడలేదు, పైగా చెవులు సరిగా వినిపించవు. మార్కులు చూసి డిమెన్షియా అని రాసేశాను. బయటికి వస్తుంటే కోడలు చెప్పింది: ఇరవై మంది కూలీల లెక్క అత్తమ్మ నోటితోనే చెబుతుందని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి, ఆమె చెవి దగ్గర కూర్చుని బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లు అడిగాను. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా, ఆరో రోజు అలిగిన బతుకమ్మ అని దానికి కారణంతో సహా, తడుముకోకుండా చెప్పింది. నేను రాసిన కాగితం చింపేశాను.

చదువురాని పెద్దవాళ్ల దగ్గర నిజం తెలుసుకోగలిగితే ఎంత దూరం వెళ్లవచ్చో మన హైదరాబాద్‌లోనే చూశాం. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిసి బతికే ఊళ్ల మధ్య పుట్టిన అధ్యయనం అది.

స్కిజోఫ్రీనియాలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. 1976లో లండన్‌లో ఈవ్ జాన్‌స్టోన్, టిమ్ క్రో బృందం స్కాన్‌లో రోగుల మెదడు కుహరాలు, అంటే లోపల ద్రవం నిండి ఉండే ఖాళీలు, పెద్దవిగా ఉన్నట్టు చూపింది. ఇప్పటికీ స్కాన్ చూసి ఈ జబ్బును నిర్ధారించలేం. అందుకే అదే మనిషి దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్తూ ఉండాలి. అతను ఎప్పుడు మందులు మానేశాడు, ఎప్పుడు మళ్లీ పనికి వెళ్లాడు, తల్లి పోయాక ఏమైంది అన్నవి ఏ యంత్రమూ చెప్పదు.

ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ చెయ్యి, మూడేళ్లు. అందులో థీసిస్ తప్పనిసరి, దాన్ని మొక్కుబడిగా రాయకు. బంధువుల మాటకు జవాబు ఇవ్వాల్సిన పని లేదు, బిడ్డా. నీ చిన్నాన్న పక్కన కూర్చుని అన్నం తింటే చాలు, వాళ్లు చూస్తారు.

నాయనమ్మకు థైరాయిడ్, బి12 పరీక్షలు, వినికిడి పరీక్ష అయ్యాయో లేదో కనుక్కో. ఆ లోపాలు సరిచేస్తే కొంత మరుపు తగ్గవచ్చు. చిన్నాన్న మందులు డాక్టరును అడగకుండా ఎవరూ ఆపకూడదు. రాత్రివేళ ఇబ్బందైతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ టెలీమానస్ ఉంది, నంబరు 14416.

ఈసారి పండక్కి వెళ్లినప్పుడు నాయనమ్మను తొమ్మిది రోజుల పేర్లు అడుగు. ఎన్నో పేరు దగ్గర ఆగిందో, చిన్నాన్న ఆ పూట ఆమెకు ఎలా అందించాడో, తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాసుకో. సంక్రాంతికి వెళ్లినప్పుడు మళ్లీ రాయి.