పిట్టను పట్టి పొట్ట మీద ఊదేదెందుకు?

ప్రశ్న: రష్యాలో రిబాచీ అనే సముద్రతీర గ్రామంలో వలలేసి పిట్టల్ని పట్టి, కాళ్లకు రింగులు తొడిగి వదిలేస్తారట. ఆ మూలకే ఎందుకు వెళ్లారు? పిట్టలకు అది హింస కాదా?

జవాబు: హింస సంగతే ముందు చూద్దాం. పిట్ట మెడ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ, వీపు అరచేతికి ఆనేలా పట్టుకుని పొట్ట మీద ఉఫ్‌మని ఊదుతారు, ఈకలు విడిపోయి పల్చటి చర్మం కింద పసుపుపచ్చగా కొవ్వు కనిపిస్తుంది, అదే దాని వలస ప్రయాణానికి దారిఖర్చు. రెక్క కొలిచి, తూకం వేసి, నంబరున్న అల్యూమినియం రింగు తొడిగి వదిలేస్తారు. చేయి తిరిగినవాళ్లకు నిమిషాల పని. టెన్షన్ పడదా అంటే పడుతుంది, కాదనను. కానీ ఏ పిట్ట ఎక్కడ తేలుతుందో తెలియాలంటే దానికో నంబరు ఉండాల్సిందే.

ఇక చోటు సంగతి. రిబాచీ ఉన్నది కురోనియన్ స్పిట్ మీద. 98 కిలోమీటర్ల పొడవున్న ఇసుకపట్టీ అది, ఒకపక్క బాల్టిక్ సముద్రం, ఇంకోపక్క పెద్ద మడుగు, కొన్నిచోట్ల వెడల్పు అరకిలోమీటరు కూడా ఉండదు. పగలు ఎగిరే చిన్న పిట్టలు నీళ్ల మీదికి పోవడానికి జంకి ఈ నేలనే పట్టుకుని పోతాయి, అంటే గుంపులన్నీ ఒకే గరాటులోంచి దిగుతున్నట్టే. వలలూ గరాటు ఆకారంలోనే ఉంటాయి, నోరు పది మీటర్లకు పైగా ఎత్తు, కొసన చిన్న గది. యోహానెస్ థీనెమాన్ అనే జర్మన్ ఇది కనిపెట్టి 1901లోనే అక్కడ పక్షుల పరిశోధన కేంద్రం పెట్టాడు. అప్పుడది జర్మనీ, ఊరి పేరు రోసిటెన్. రెండో ప్రపంచ యుద్ధంతో మూతపడింది. 1956లో సోవియట్ పక్షిశాస్త్రవేత్త లెవ్ బెలోపోల్స్కీ మళ్లీ మొదలుపెట్టాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం రీడ్ వార్బ్లర్ల కథ. రెల్లుపొదల్లో ఉండే బుల్లి పిట్టలవి. వసంతంలో ఈశాన్యానికి పోయేవాటిని పట్టి వెయ్యి కిలోమీటర్లు తూర్పుకు, మాస్కో దగ్గరికి తీసుకెళితే, అవి దిక్కు మార్చి వాయవ్యానికి తిరిగాయి. అంటే తాము తూర్పుకు జరిగామని వాటికి తెలిసిపోయింది! ఎలా? తర్వాత పిట్టల్ని రిబాచీలోనే ఉంచి, చుట్టూ కరెంటు పారే తీగచుట్టలు పెట్టి మాస్కో దగ్గరుండే అయస్కాంత క్షేత్రాన్ని అక్కడే తయారుచేశారు. పైన రిబాచీ ఆకాశమే, గాలిలో రిబాచీ వాసనే, అయినా పిట్టలు వాయవ్యానికే తిరిగాయి. ఆ ఫలితం 2015లో అచ్చయింది.