అద్దె గదిలో వీణ క్లాసు

శ్రీకాకుళం

చి. సౌ. మేనకోడలికి అత్త ఆశీస్సులు.

మేడ మీద గది అద్దెకు దొరికిందని, విజయదశమికి వీణ క్లాసు మొదలుపెడుతున్నావని అన్నయ్య ఫోనులో చెప్పాడు. గోడలకి ఏ రంగు వేయించాలా అని ఆలోచిస్తున్నావట. రంగు సంగతి వదిలెయ్. అద్దె గోడకి పెట్టిన డబ్బు ఇంటివాళ్లకే మిగులుతుంది.

ముందు వాళ్లతో కొన్ని విషయాలు తేల్చుకో. రాత్రి ఎన్నింటి దాకా వాయించుకోవచ్చు, చెప్పులెక్కడ విడవాలి, పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు ఎక్కడ కూర్చోవాలి, బాత్రూము ఎటు. ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం. బాత్రూముకి వెళ్లాలంటే కింద ఇంటివాళ్ల హాల్లోంచి నడవాల్సి వస్తే, ఆడపిల్ల రెండో వారానికే మంచినీళ్లు తాగడం మానేస్తుంది. నెల తిరిగేసరికి క్లాసే మానేస్తుంది. అడిగితే మాత్రం ‘ట్యూషన్ ఉంది మేడమ్’ అంటుంది. బాత్రూము తాళంచెవి గుమ్మం పక్కనే తగిలించు, నిన్ను అడిగే పని లేకుండా తీసుకుంటారు. మెట్ల మీద బల్బు లేకపోతే నీ డబ్బుతోనైనా వేయించు.

ఖాళీ సిమెంటు గది గంగాళంలా మోగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి తమ తప్పే రెండింతలు వినిపిస్తే చెయ్యి ఆడదు. కిటికీ ఊచలకి తాడు కట్టి పాత దుప్పట్లు వేలాడదియ్యి, కింద జంపఖానా పరుచు. మేకు కొట్టక్కర్లేదు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతా ఉండదు.

పడమటి కిటికీ దగ్గర వీణలు ఉంచకు. తీగల కింద ఉండే వీణ మెట్లు మైనంలో కూర్చోబెట్టినవి కదా, ఎండ తగిలితే మైనం మెత్తబడి మెట్టు జరుగుతుంది. స్వరం తప్పుతుంది. నీకు తెలుస్తుంది గానీ పిల్లకి తెలీదు, తన వేలిదే తప్పనుకుంటుంది. ‘నాకు రాదులే’ అని మానేసేవాళ్లలో ఇలాంటివాళ్లూ ఉంటారు. అందుకే కొత్తవాళ్లకి ఇచ్చే వీణని రోజూ నువ్వే ఒకసారి పై నుంచి కింది దాకా మీటి చూడు. నీ వీణ కన్నా అది బాగుండాలి. మరీ కదిలిపోతే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే పనివాళ్లున్నారు, దూరమేమీ కాదు. వానాకాలం నేల చెమ్మెక్కుతుంది, వీణల్ని బల్ల మీదకి ఎక్కించు.

యాభై దాటాక నేర్చుకుందామని వచ్చే ఆడవాళ్లు నీకు చాలామందే తగులుతారు. మోకాళ్ల నొప్పులుంటాయి, కాస్త ఎత్తుగా గట్టి దిండు వేస్తే మఠం వేసుకుని కూర్చోగలరు. పదేళ్ల పిల్లల పక్కన మొదటి పాఠాలైన సరళీ వరసలు వాయించడం వాళ్లకి సిగ్గు. పైకి చెప్పరు. నువ్వే మధ్యాహ్నం వేళ వేరే టైమివ్వు.

మన విజయనగరంలో ఇంకో చిక్కుంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాళ్లుగా చేసిన చోటు. వీణ అనగానే సగం మంది ‘అంతటి విద్య మనకెక్కడ’ అనుకుంటూనే గుమ్మం ఎక్కుతారు. దానికి తోడు గోడ నిండా మహానుభావుల పటాలు పెడితే ఇంకేముంది! త్యాగరాజస్వామి పటం ఒక్కటి చాలు. నీ సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి పెట్టడం అసలే వద్దు, నీ చెయ్యి వింటే వాళ్లకే తెలుస్తుంది. కొత్త పిల్ల వీణ మీద చెయ్యి వేస్తే ‘ముట్టుకోకు, తీగ తెగుతుంది’ అనకు. తెగితే తెగింది, ఇంకో తీగ వేస్తావు.

దశమి నాడు పాఠం మొదలుపెట్టు, బాగుంటుంది. కానీ ఆ తర్వాత వచ్చే సోమవారం తొలేళ్ల పండగ, మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా కాలు పెట్టే సందుండదు, ప్రతి ఇంట్లోనూ చుట్టాలు. ఆ రెండు రోజులూ సెలవని ముందే చెప్పెయ్. లేకపోతే రాలేని పిల్లలు మొదట్లోనే వెనకబడ్డామని టెన్షన్ పడతారు.

జంపఖానాలు కొనకు. మా అటక మీద రెండున్నాయి. మీ మావయ్య శుక్రవారం అటు వస్తున్నారు, ఆయన చేత పంపిస్తాను. ఒకదానికి అంచు కొంచెం చిరిగింది, ఆ వైపు గోడకి వేసుకో.

ఆశీస్సులతో,
మీ అత్త