న్యూట్రాన్ ఎక్కడిదో ముందు రాయి

చిరంజీవికి,

నీ వ్యాసం మూడో పేరాలో ఆగిపోయాను. "ఇనుము కంటే బరువైన మూలకాలన్నీ సూపర్‌నోవా పేలుడులోనే, అపారమైన వేడికి కేంద్రకాలు కలిసిపోయి పుడతాయి" అన్నావు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. ఇది నీ సొంత వాక్యం కాదని తెలుసు, పత్రికల్లో ఏళ్ల తరబడి ఒకరిని చూసి ఒకరు రాస్తున్నదే. కోపం అందుకే.

ముందు వేడి సంగతి. ఇనుము కేంద్రకంలో 26 ప్రోటాన్లు ఉంటాయి. అలాంటివి రెండు దగ్గరికి రావాలంటే వికర్షణను దాటాలి. దాటినా లాభం లేదు. కేంద్రకంలో ఒక్కో కణాన్ని పట్టి ఉంచే బంధన శక్తి ఇనుము, నికెల్ దగ్గరే శిఖరానికి చేరుకుంది, ఆ పైన సంలీనం, అంటే కేంద్రకాలు కలవడం, శక్తిని ఇవ్వదు, తింటుంది. వేడి ఇంకా పెంచావనుకో, వందల కోట్ల డిగ్రీల దగ్గర గామా కిరణాలే కేంద్రకాలను పగలగొట్టి తిరిగి హీలియం చేసేస్తాయి. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు గనక దానికి ఈ గొడవే లేదు, నేరుగా లోపలికి పోతుంది. కాబట్టి బరువు మూలకాల గురించి రాసేవాడు రెండే ప్రశ్నలు వేసుకోవాలి: న్యూట్రాన్ ఎక్కడిది? ఎంతసేపటికొకటి తగులుతోంది?

ఒక ఉదాహరణ పూర్తిగా నడిపించు. ఇనుము-56 (పక్కనున్న అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) మూడు న్యూట్రాన్లు పట్టుకుంటే ఇనుము-59. దాని అర్ధాయువు, అంటే సగం కేంద్రకాలు మారిపోవడానికి పట్టే కాలం, దాదాపు 44 రోజులు. నాలుగోది వచ్చేలోగా బీటా క్షయం జరిగితే, అంటే లోపలి ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారితే, కోబాల్ట్-59 అవుతుంది. ఇంకో న్యూట్రాన్‌తో కోబాల్ట్-60, అయిదేళ్ల చిల్లర అర్ధాయువుతో అది నికెల్-60. న్యూట్రాన్ల మధ్య ఏళ్లకు ఏళ్లు ఖాళీ ఉంటే ఇలా మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ఇది నిదాన ప్రక్రియ. ఇనుముకు పైనున్న సరుకులో దాదాపు సగం దీనిదే, జరిగేది పేలుడులో కాదు, ముసలి ఎర్ర జెయింట్ నక్షత్రాల పొట్టలో.

అక్కడ న్యూట్రాన్ ఎక్కడిదంటే, ఎక్కువగా కార్బన్-13 నుంచి. పై పొరలోని హైడ్రోజన్ కొంచెం కిందికి దిగి కార్బన్-12తో కలిస్తే కార్బన్-13 తయారవుతుంది. సుమారు పది కోట్ల డిగ్రీల దగ్గర హీలియం కేంద్రకం దానిని తాకితే ఆక్సిజన్-16 మిగిలి ఒక న్యూట్రాన్ బయట పడుతుంది. "కొంచెం" అన్న మాట మీద వేలు పెట్టి చదువు. హైడ్రోజన్ ఎక్కువైతే కార్బన్-13 కాస్తా నైట్రోజన్-14 అయిపోతుంది, అది వచ్చిన న్యూట్రాన్లను తనే మింగేస్తుంది. వంట చెడిపోయినట్టే.

దీనికి సాక్ష్యం 1952లో ఖగోళ శాస్త్రవేత్త పాల్ మెరిల్ చూపించాడు, కొన్ని ఎర్ర నక్షత్రాల వర్ణపటంలో టెక్నీషియం గీతలు. ఆ మూలకానికి స్థిరమైన ఐసోటోపు (న్యూట్రాన్ల సంఖ్యలో తేడా ఉన్న రూపం) ఒక్కటీ లేదు, ఎక్కువ కాలం బతికేదానికే అర్ధాయువు నలభై రెండు లక్షల ఏళ్లు. నక్షత్రం వయసు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే ఆ టెక్నీషియం అక్కడే, ఈమధ్యే పుట్టింది. నీ వ్యాసంలో ఇది లేదు, బంగారం గురించి మాత్రం ఒకటిన్నర పేజీ ఉంది! సంపాదకులకు బంగారం కావాలి, నాకు తెలుసు. టెక్నీషియం అన్న పేరు కనబడితే కొట్టేసి "పాఠకుడు పారిపోతాడు" అంటారు. పారిపోయేది పాఠకుడు కాదు.

నిదాన మెట్లు బిస్మత్-209 దగ్గర ఆగిపోతాయి. ఇంకో న్యూట్రాన్ పడితే అది పొలోనియం-210 మీదుగా ఆల్ఫా కణం వదిలి సీసం-206కి జారిపోతుంది. మరి థోరియం, యురేనియం ఎలా వచ్చాయి? క్షయానికి వ్యవధి ఇవ్వకుండా ఒక్క సెకను లోపల పదుల కొద్దీ న్యూట్రాన్లు వచ్చి పడాలి. 2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (దాదాపు అంతా న్యూట్రాన్లే ఉన్న నక్షత్ర అవశేషాలు) ఢీకొన్న సంకేతం అందింది. ఆ వెలుగులో స్ట్రాన్షియం అనే బరువు మూలకం ఆనవాలును 2019లో గుర్తించారు. మిగతా చోట్ల వాటా ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది, వాదనలో ఉందనే రాయి.

ఇక ప్రయోగశాల భాగం. "శాస్త్రవేత్తలు నక్షత్రాన్ని గదిలోకి తెచ్చారు" అన్న వాక్యం కొట్టేయి. రియాక్టర్‌లో న్యూట్రాన్లు తినిపించుకుంటూ 100వ మూలకమైన ఫెర్మియం-257 దాకా పోవచ్చు, ఆ తర్వాతి ఫెర్మియం-258 సెకనులో వెయ్యో వంతు కూడా నిలవకుండా విచ్ఛిత్తి చెంది రెండుగా చీలిపోతుంది. నిచ్చెన అక్కడ విరిగింది. బరువు మూలకాల కోసం నక్షత్రం వాడని మొరటు దారి, కేంద్రకాన్ని కేంద్రకంతో కొట్టడం, అక్కడి నుంచే మొదలు.

117వ మూలకం (టెన్నెసిన్) గురించిన నీ పేరా బాగుంది, అంకెలు చేర్చు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో 250 రోజులు న్యూట్రాన్లు తినిపించి, 90 రోజులు శుద్ధి చేస్తే 22 మిల్లీగ్రాముల బెర్కీలియం-249 వచ్చింది. అర్ధాయువు 330 రోజులే గనక ఆలస్యమైన ప్రతి రోజూ సరుకు తరుగే. ఆ బెర్కీలియాన్ని రష్యాలోని దుబ్నాలో కాల్షియం-48 కిరణపుంజంతో 150 రోజులు కొట్టారు. దొరికినవి ఆరు పరమాణువులు. వేగం తగ్గితే కేంద్రకాలు అంటుకోవు, పెరిగితే కలిసిన ముద్ద వేడెక్కి చీలిపోతుంది. సరైన వేగంలో కూడా చాలావరకు చీలేవే. బతికినవి మూడో నాలుగో న్యూట్రాన్లు వదిలి చల్లబడతాయి.

కాల్షియం-48నే ఎందుకు వాడారో నువ్వు రాయలేదు. మామూలు కాల్షియం-40 కంటే దానిలో ఎనిమిది న్యూట్రాన్లు ఎక్కువ. సహజ కాల్షియంలో అది 0.2 శాతం కూడా ఉండదు, అయినా దానినే వేరుచేసి వాడేది ఈ ఎనిమిదింటి కోసమే. స్థిరత్వ ద్వీపానికి (అతి బరువైన కేంద్రకాలు కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయని భావించే చోటు) 184 న్యూట్రాన్లు కావాలని అంచనా, 118వ మూలకమైన ఒగానెసన్-294లో ఉన్నవి 176. కొరత మళ్లీ ఎనిమిదే, దానిని తీర్చే కిరణపుంజం ఇప్పటికి లేదు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ అడిగావు. మూడో పేరా తిరగరాసి పంపు, అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో.