‘పైకి రాశాం సార్’

“పైవాళ్ళు స్పందించరు, నిధులు నా చేతిలో ఉండవు, జరిగిన ప్రతి పొరపాటుకూ జవాబు మాత్రం నేనే చెప్పాలి. ఈ నిస్సహాయత నుంచి బయటపడి బాధ్యత తీసుకోవడం, నా కిందివాళ్ళకు నాయకత్వం వహించడం ఎలా?” అని మీరు అడిగారు. ప్రశ్న చదవగానే నాకు ఒక జనరేటరు బ్యాటరీ గుర్తుకొచ్చింది కాబట్టి దాని గురించే రాస్తాను.

2014లో నేను విజయనగరం జిల్లాలో, సముద్రానికి మరీ దూరం కాని ఒక మండలంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిగా ఉన్నాను. మా కేంద్రంలో జనరేటరు ఉండేది గాని, ఆ ఏడాది ఏప్రిల్‌లో దాని బ్యాటరీ చచ్చిపోయింది. నేను వెంటనే పైకి ఉత్తరం రాశాను, మే నెలలో గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం పంపాను, ఆగస్టులో మరొకటి పంపాను, మూడింటి నకళ్ళనూ అందినట్టు వేయించుకున్న ముద్రలతో సహా ఒక ఫైలులో భద్రపరిచాను. ఆ ఫైలంటే నాకు లోలోపల కొంత గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మే నెలలో ఒకసారి కరెంటు చాలాసేపు పోయి, పోలియో చుక్కల సీసాల మీద ఉండే గుర్తులో లోపలి తెల్లని చదరం చుట్టూ ఉన్న వలయమంత ముదురు రంగుకు మారిపోతే, వాటిని పారేయించి, రిజిస్టరులో “విద్యుత్ అంతరాయం వల్ల వ్యర్థమైనవి” అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యంలో నేను ఎక్కడా లేను.

మన కార్యాలయాల తెలుగు మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇదే. ఫైలు “ఆగిపోయింది”, పని “పెండింగులో పడింది”, చర్యలు “తీసుకోబడును”. ఆపినవాడూ పడేసినవాడూ తీసుకోవలసినవాడూ ఆ వాక్యాలలో కనిపించరు. ఇరవై ఏళ్ళు ఇలాంటి వాక్యాలే రాస్తే, మనిషి తన ఉద్యోగంలో తానే కనిపించకుండా పోతాడని నా గట్టి నమ్మకం.

అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మా వైపు కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి, రోడ్డు మీద కొబ్బరిచెట్లు అడ్డదిడ్డంగా పడ్డాయి. సోమవారం ఉదయం బండి దారిలోనే వదిలేసి, దాదాపు నాలుగు కిలోమీటర్లు నడిచి ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. టీకాలను చల్లగా ఉంచే ఫ్రిజ్ లాంటి ఐఎల్‌ఆర్ పెట్టెను చూస్తే, దాని మూత చుట్టూ గాజుగుడ్డ కట్టు గట్టిగా బిగించి ఉంది. దాని మీద అంటించిన ప్లాస్టరు ముక్క మీద నీలి సిరాతో “తెరవవద్దు” అని రాసి ఉంది. ఊళ్ళోనే కాపురముండే, పల్లెల్లో టీకాలు వేసే నర్సు, మా పెద్ద ఏఎన్‌ఎం గారు తుపాను హెచ్చరిక విని శనివారం రాత్రే వచ్చి ఆ ఏర్పాటు చేశారట. సోమవారం తెల్లవారుజామున ఒక్కసారి మాత్రం విప్పి, ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలని రిజిస్టరులో రాసి, మళ్ళీ కట్టేశారు. ఆ పెట్టెలో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఎనిమిది దాటితే ఒక తంటా, రెండు కంటే దిగి హెపటైటిస్‌-బి, డీపీటీ వంటి టీకాలు గడ్డకడితే మరో తంటా.

నాకు కంగారు పుట్టి, ఎంత ఉందో చూద్దామని కట్టు మీద చెయ్యి వేశాను. ఆవిడ నా చేతిని పక్కకు తప్పించి, “మీరు చూసినంత మాత్రాన చల్లబడదు సార్” అన్నారు. నేను అప్పుడు కూడా, మూడు ఉత్తరాలు రాసినా బ్యాటరీ ఇవ్వలేదని, ఇక మనం చేయగలిగిందేముందని మొదలుపెట్టాను. “ఆ కాయితాల సంగతి తర్వాత చూసుకుందురు గాని, ఊళ్ళో ఎవరి ట్రాక్టరు చెట్టు కింద పడకుండా మిగిలిందో ముందు కనుక్కుందాం” అని ఆవిడ చెప్పులు వేసుకుని బయలుదేరారు. నేను వెనకాల నడిచాను. నాయకత్వం గురించి మీరు అడిగారు కాబట్టి, ఆ ఉదయం మా కేంద్రానికి నాయకత్వం వహించినది ఎవరో దాచకుండా చెబుతున్నాను.

ట్రాక్టరు ఆసామి మారుమాట లేకుండా బ్యాటరీ విప్పి ఇచ్చాడు, ఇరవై లీటర్ల డబ్బాతో డీజిలూ ఇచ్చాడు. మా పాత బ్యాటరీ తీసి చూస్తే, టెర్మినళ్ళ మీద ఉప్పు పూసినట్టు తెల్లగా, అక్కడక్కడ పచ్చగా పేరుకుని ఉంది. వైర్ల కొసలకు కూడా అదే పట్టి ఉంటే అటెండరు వాటి మీద వేడినీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దాడు. సాయంత్రం జనరేటరు మూడోసారికి అందుకుంది. అంతకుముందే ఒక్క క్షణం మూత తీసి చూసుకున్నాం, ఏడు డిగ్రీలు ఉంది. రోజుకు ఎనిమిది గంటలు కరెంటు అందితే చాలు, మిగతా సమయం తన చల్లదనాన్ని తానే నిలుపుకునేలా ఆ పెట్టె తయారవుతుంది కాబట్టి, లైన్లు బాగయ్యేదాకా రోజూ ఎనిమిది గంటలు నడిపాం. ఒక్క సీసా కూడా పారేయలేదు.

ఇక్కడిదాకా చదివి ఇది ధైర్యసాహసాల కథ అనుకోకండి, ఎందుకంటే నాకు సిగ్గనిపించిన సంగతి ఇంకా చెప్పలేదు. అప్పట్లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఏడాదికి 25,000 రూపాయల అన్‌టైడ్ నిధి (ఫలానా పనికే వాడాలన్న షరతు లేనిది), 50,000 రూపాయల నిర్వహణ నిధి, ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి మరో లక్ష రూపాయలు కేటాయించేవారు. బ్యాటరీ ధర ఆరు వేల చిల్లర. సంఘంలో ఒక తీర్మానం రాయించి నేను సంతకం పెడితే ఏప్రిల్‌లోనే అది వచ్చి ఉండేది. ఆడిట్‌లో ఎవరైనా అభ్యంతరం రాస్తారేమోనని నేను పెన్ను తీయలేదు. నా చేతిలో ఏమీ లేదని ఆరు నెలలు నమ్మాను గాని, నా చేతిలో ఉన్నదాన్ని వాడితే జవాబు చెప్పాల్సి వస్తుందన్న భయానికే ఆ పేరు పెట్టుకున్నాను. మీ కష్టం కూడా అచ్చంగా ఇదేనని అనను గాని, పదింట ఏడుసార్లు ఇదే అయి ఉంటుందని పందెం కాస్తాను.

1967లో కుక్కల మీద చేసిన ప్రయోగాలతో, నిస్సహాయత అలవాటుగా నేర్చుకునేదని సెలిగ్మన్, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారని మనకు ప్రతి శిక్షణ తరగతిలోనూ చెబుతారు. అదే ఇద్దరూ 2016లో తమ మాటను తామే తిరగేసి, కష్టం ఎంతకీ తీరకపోతే చతికిలబడటం మెదడుకు సహజమేనని, నేర్చుకోవలసింది పరిస్థితి తన అదుపులో ఉందన్న ఎరుకేనని రాసిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అదే నిజమైతే, మా అటెండరు వేడినీళ్ళు పోసి వైరు కొసలు రుద్దుతుంటే నేను టార్చి పట్టుకున్న ఆ పది నిమిషాలూ నాకు పాఠం జరిగినట్టే.

బాధ్యత అనగానే, రైల్వే మంత్రిగా లాల్ బహదూర్ శాస్త్రిగారి రాజీనామా కథను ముందుకు తెచ్చేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు ఆయన ఇవ్వబోయిన రాజీనామాను నెహ్రూ అంగీకరించలేదు, నవంబరులో అరియలూరు ప్రమాదం తరువాత అంగీకరించారు. మంత్రికి అది గౌరవమే. మండలంలో పనిచేసే ఉద్యోగి రాజీనామా చేస్తే మిగిలేది ఖాళీ కుర్చీ. రాజీనామాకు ధైర్యం చాలనివాళ్ళం బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటాం, అది మరీ తేలిక.

మీకు కిందివాళ్ళు కూడా ఉన్నారంటున్నారు కాబట్టి ఒక్క మాట. బాధ్యత తీసుకోండి అని వాళ్ళకు ఉపన్యాసం ఇచ్చే ముందు, వాళ్ళు మిమ్మల్ని అడగకుండా ఎంత ఖర్చు పెట్టవచ్చో, ఏ నిర్ణయం చేయవచ్చో రాసి ఇవ్వండి. అది ఇవ్వకుండా ఒక ఆశా కార్యకర్తను పట్టుకుని “నీ ఊళ్ళో ఎందుకు ఇలా జరిగింది” అని సమీక్షలో నిలదీయడాన్ని నాయకత్వం అనరు. తుపాను తరువాత నేను చేసింది ఇంతే: ఐఎల్‌ఆర్‌కు సంబంధించి, ప్రమాద సమయంలో మా ఏఎన్‌ఎం గారి మాటే చివరి మాట అని ఆర్డరు రాసి గోడకు అంటించాను. అందులో నాకు కూడా మినహాయింపు లేదు.

డిసెంబరులో సంఘం తీర్మానంతో కొత్త బ్యాటరీ కొన్నాం. నా మూడు ఉత్తరాలకూ కలిపి జనవరిలో జవాబు వచ్చింది: ప్రతిపాదనను నిర్ణీత నమూనాలో మూడు ప్రతులుగా పంపవలసిందని. మరుసటి ఏడాది ఆడిట్‌వారు, నేను భయపడినట్టే, కొటేషన్లు మూడు కాక రెండే ఎందుకున్నాయని అభ్యంతరం రాశారు. దానికి జవాబును “బ్యాటరీ కొనాలని నిర్ణయించినది నేను” అని మొదలుపెట్టి, తుపాను వారపు ఉష్ణోగ్రతల రిజిస్టరు నకలు జతపరిచి పంపాను. ఆ అభ్యంతరాన్ని తొలగించారో లేదో తెలిసేలోపే నాకు బదిలీ అయింది. దరఖాస్తు పెట్టుకుంటేనే అయింది.