మేరీ లూయీ కిరీటంలోని ఫిరోజాలు నెపోలియన్ నాటివేనా?

కావు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న ఈ కిరీటానికి ఫిరోజా రాళ్ళు, అంటే టర్కాయిస్, 20వ శతాబ్దంలో పొదిగినవి. 1810లో ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ తన రెండో భార్య మేరీ లూయీకి పెళ్ళి కానుకగా ఇచ్చినప్పుడు ఆ చోట్ల 79 పచ్చలు ఉండేవి. 1953లో దాన్ని కొన్న వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ అనే నగల సంస్థ పచ్చల్ని ఊడదీసి, వేరే నగల్లో పొదిగి విడివిడిగా అమ్మేసింది. ఖాళీ అయిన గూళ్ళలో అన్నే ఫిరోజాలు చేరాయి. చరిత్ర ఉన్న నగకు ఇది తీరని నష్టమే. పచ్చలోంచి వెలుగు పారుతుంది, ఫిరోజాలోంచి పారదు కాబట్టి కిరీటం తీరే మారిపోయింది. అదే సెట్టులోని హారం మాత్రం పచ్చలతోనే మిగిలింది. 2025లో అది చోరీ అయింది కానీ, పాత రూపం ఎలా ఉండేదో దాని ఫొటోలు చూస్తే తెలుస్తుంది. రాళ్ళు మార్చారనగానే చాలామంది అవి నకిలీవనుకుంటారు. అది పొరపాటు, అవి ఇరాన్ గనుల నుంచి వచ్చిన అసలు ఫిరోజాలే.