వేలానికి పేరు ఇచ్చిన అమ్మాయికి

తల్లీ,

హాకీ ఇండియా లీగ్ వేలానికి పేరు ఇవ్వబోతున్నానని నువ్వు ఫోనులో చెప్పినప్పుడు సంతోషంతో నాకు మాట పెగలలేదు. ఆ రోజు చెప్పలేకపోయినవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. తీరికగా చదువుకో.

ముందు లెక్క అర్థం చేసుకో. 2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన వేలంలో ఆటగాళ్లను కొనడానికి మహిళల జట్టు ఒక్కొక్కదానికి 2 కోట్ల రూపాయల పరిమితి పెట్టారు. పురుషుల జట్లకు పెట్టింది 4 కోట్లు. ఈ తేడా నాకు నచ్చలేదు, ఎప్పటికీ నచ్చదు. ఆ 2 కోట్లలోనే అప్పుడు 24 మందిని కొనాల్సి వచ్చింది. అంటే సగటున మనిషికి 8 లక్షల పైచిలుకు. కానీ సగటు ధరకు ఎవరూ కొనరు. ముగ్గురు పేరున్నవాళ్లకు 80 లక్షలు పోతే, మిగిలిన 21 మందికి 1 కోటి 20 లక్షలే ఉంటాయి. నీ పేరు పిలిచే సమయానికి ఒక్కో జట్టు బల్ల దగ్గర ఎంత డబ్బు మిగిలింది, ఏ స్థానం ఖాళీగా ఉంది అన్నదే నీ ధరను నిర్ణయిస్తుంది. నీ ఆట విలువ అక్కడ తేలదు. దీన్ని మనసులో గట్టిగా పెట్టుకో. ఎందుకంటే వేలం ముగిశాక మంచి ఆటగాళ్లు కూడా తమను తాము చిన్నబుచ్చుకోవడం నేను చూశాను.

అందుకే కనీస ధర, అంటే నీ పేరుకు వేలం పాట మొదలయ్యే ధర, రాసే దగ్గర తొందరపడకు. అప్పుడు 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు అని మూడు మెట్లు పెట్టారు. తోటివాళ్లు 5 లక్షలు రాశారని నువ్వూ రాయాలనుకుంటావు. వద్దు, 2 లక్షలే రాయి. వేలం చివరికొచ్చేసరికి ఒక జట్టుకు ఇద్దరు కావలసి ఉంటుంది, చేతిలో 6 లక్షలే ఉంటాయి. 5 లక్షల పేరు ఎత్తితే రెండో మనిషికి డబ్బు చాలదు. అప్పుడు వాళ్ల వేలు 2 లక్షల వరుస మీదికే పోతుంది. తక్కువ ధర రాయడం తలవంపు కాదు. నిజంగా కావలసినవాళ్లు ఇద్దరుంటే ధర దానంతట అదే పెరుగుతుంది.

నీకు కలిసొచ్చేది ఇంకొకటి ఉంది. ఆ వేలంలో 24 మందిలో 16 మంది భారతీయులు ఉండాలన్నారు, వాళ్లలో నలుగురు జూనియర్లు తప్పనిసరి అన్నారు. ఆ సీజన్‌లో మహిళల జట్లు నాలుగే ఆడాయి. అంటే జూనియర్లకు కనీసం 16 స్థానాలు. దేశం మొత్తానికి అవి తక్కువే, అయినా ఆ 16 సీనియర్లకు ఇవ్వడానికి వీల్లేకపోయింది. నియమాలు ఏటా మారవచ్చు, కాబట్టి వయసు నిబంధన, కటాఫ్ తేదీ సరిచూసుకున్నాకే సంతకం పెట్టు.

ఇక ఆట సంగతి. మొదటి మహిళల వేలంలో అందరికన్నా ఎక్కువ పలికింది ఉదిత. బెంగాల్ టైగర్స్ ఆమెను 32 లక్షలకు తీసుకుంది. ఆ అమ్మాయి భారత జట్టులోకి వచ్చింది ఫార్వర్డ్‌గా, తర్వాత డిఫెన్స్‌లోకి మారింది. రెండు చోట్లా ఆడగలిగినవాళ్లు ఉంటే జట్టుకు ఒక స్థానం మిగులుతుంది. విదేశీయుల్లో డచ్ అమ్మాయి యిబ్బి యాన్సెన్‌కు 29 లక్షలు వచ్చాయి. ఆమె బలం పెనాల్టీ కార్నర్ డ్రాగ్ ఫ్లిక్, అంటే అవతలి జట్టు తప్పుకు దొరికే ఆ అవకాశంలో బంతిని కర్రతో లాగి గోల్‌లోకి విసరడం. పురుషుల్లోనూ అంతే, 78 లక్షలతో మొదట నిలిచిన భారత ఆటగాడు హర్మన్‌ప్రీత్, 68 లక్షలకు హైదరాబాద్ తూఫాన్స్‌కు వెళ్లిన జర్మనీ ఆటగాడు గొంజాలో పెయాట్, ఇద్దరూ డ్రాగ్ ఫ్లికర్లే. అది చూసి నువ్వు ఇప్పుడు ఫ్లిక్ మొదలుపెడితే చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. నువ్వు మిడ్‌ఫీల్డర్‌వి, కాళ్లలో వేగం ఉంది. అవతలివాళ్ల పెనాల్టీ కార్నర్‌కు గోల్ గీత నుంచి దూసుకెళ్లి ఫ్లిక్‌కు అడ్డుపడే మొదటి రషర్ పని నేర్చుకో. దానికి ధైర్యం కావాలి, మాస్కు, మోకాలి కవచాలు కావాలి, అన్నిటికన్నా మొదటి అడుగు సరైన సమయంలో పడాలి. ఖరీదైన ఫ్లికర్లను కొన్న ప్రతి లీగ్‌లోనూ వాళ్లను ఆపేవాళ్ల అవసరం ఉంటుంది. నన్ను అడిగితే ఈ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే.

జట్టు కోచ్‌లకు వీడియో పంపితే, అందులో అన్నీ గోల్సే పెట్టకు. బంతి పోగొట్టుకున్నాక వెనక్కి ఎలా పరుగెత్తావో చూపించు. నాలుగో క్వార్టర్‌లో, అలసిపోయినప్పుడు, బంతిని ఎలా ఆపావో చూపించు. పాట కలపకు, స్లో మోషన్ వద్దు. జెర్సీ నంబరు మొదట్లోనే చెప్పు.

డబ్బు గురించి కటువుగా చెప్పక తప్పదు. ఈ లీగ్ 2013లో మొదలై ఐదు సీజన్లు జరిగి, 2017 తర్వాత ఆగిపోయింది. మళ్లీ మొదలయ్యేసరికి 2024 డిసెంబరు వచ్చింది. నడుమ ఏడేళ్లలో ఎంతమంది ఆట వయసు కరిగిపోయిందో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాబట్టి వేలం డబ్బు చూసి అప్పు చేయకు, డిగ్రీ ఆపకు, రైల్వే క్రీడా కోటా దరఖాస్తు వదులుకోకు. ఒప్పందంలో వాయిదాలు ఎప్పుడు ఇస్తారో, గాయమైతే వైద్యం ఎవరిదో చదువు. నా దగ్గర ఆడిన ఒక అబ్బాయి వేరే టోర్నమెంటులో నోటిమాట నమ్మి, రావలసిన డబ్బు కోసం రెండేళ్లు తిరిగాడు. అర్థం కాని పేజీ ఉంటే ఫోటో తీసి నాకు పంపు. తెలిసిన లాయరుకు చూపిస్తాను.

ఎవరూ చేయి ఎత్తకపోతే? ఆ రాత్రి ఏడుపు వస్తుంది, ఏడువు. ఇంకొక సంగతి కూడా గుర్తు చేసుకో. 2025 జనవరిలో రాంచీలో జరిగిన మొదటి మహిళల ఫైనల్లో ఒడిశా వారియర్స్ 2-1తో సూర్మా జట్టును ఓడించింది. అత్యధిక ధర పలికిన అమ్మాయి ఆ రెండు జట్లలో లేదు. ఒడిశా కొట్టిన రెండు గోల్సూ మహారాష్ట్రలోని సతారా జిల్లా నుంచి వచ్చిన రుతుజా పిసాళ్‌వి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన గోల్‌కీపర్ రజని రియో ఒలింపిక్స్ జట్టుకు స్టాండ్‌బైగా ఎంపికైన 2016లో మహిళలకు ఈ వేలమే లేదు.

వేలం రోజు ఫోను పట్టుకుని గదిలో ఒంటరిగా కూర్చోకు. ఉదయం ఆరింటికి గ్రౌండుకు రా. ఫ్లిక్ చేసే పిల్లలు ఇద్దరు వస్తామన్నారు. నలభైసార్లు రష్ చేద్దాం. నీ ఫోను నా సంచిలో ఉంటుంది, అమ్మానాన్నల నంబర్ల నుంచి వస్తేనే ఇస్తాను. మోకాలి కవచాలు పాతవైపోయాయని అన్నావు కదా, కొత్తవి తెప్పించాను. అవి తొడుక్కుని అలవాటు చేసుకోవాలి, ఈ ఆదివారమే వచ్చి తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు